ఇల్లు కొనేది ఎప్పుడు? ఆగేది ఎంతకాలం?

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం బడిలో పిల్లలకు లెక్కలు చెప్పుకునే వాళ్లము. మా తెలుగు బజారులో నేర్చిన తెలుగు. అయినా ఈనాటి మన పిల్లల్లో చాలా మందికి ఉర్దూ చదవడం రాదు గనుక తెలుగులోనే మాట్లాడమని కార్యదర్శి గారు ఆజ్ఞాపించారు. తప్పులు దొర్లితే మన్నించగలరు.

ఈ మధ్య సంఘం ఆఫీసులో కూర్చున్నప్పుడల్లా మమ్మల్ని ఒకే మాట అడుగుతున్నారు. "మాస్టర్ సాబ్, జాగల బేరాలు చల్లబడ్డయట, ధరలు దిగుతున్నయట. ఇప్పుడు కొనాల్నా, ఇంకా దిగేదాక ఆగాల్నా?" అడిగేవారిలో ఆటో నడిపే తమ్ముడున్నాడు, రిటైరై వచ్చిన డబ్బు చేత పట్టుకున్న పెద్దమనిషి ఉన్నాడు, కొడుకు గల్ఫ్ నుంచి పంపే సొమ్మును పైసా పైసా దాస్తున్న తల్లి ఉన్నది. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. మనలాంటి వాళ్లకు ఇల్లు జన్మకు ఒక్కసారి జరిగే కొనుగోలు. అందులో తప్పు జరిగితే దిద్దుకునేందుకు రెండో జన్మ లేదు. అందుచేత ఈ ప్రశ్నకు మాకు తెలిసినంతలో, మేము దెబ్బ తిని నేర్చినంతలో, జవాబు చెప్పుకుంటాము.

మొదట మా సంగతి చెప్పాలి. చెప్పకపోతే ఈ మాటలకు విలువ ఉండదు.

మేము పాత వరంగల్‌లో ఒక కిరాయి ఇంటి పై అంతస్తులో చాలా ఏళ్లు ఉన్నాము. 2007 ప్రాంతంలో మన హన్మకొండ, కాజీపేట వైపు జాగల ధరలు ఎట్లా ఎగిరినయో మీకు గుర్తుండే ఉంటుంది. పొద్దున ఒక రేటు, సాయంత్రం ఒక రేటు. మాతో పని చేసే ఒక మాస్టరు అప్పుడే ప్రైవేటు ఫైనాన్సులో అప్పు తెచ్చి ప్లాటు కొన్నాడు. ఆ తరువాత 2008 సెప్టెంబరులో అమెరికాలో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద సంస్థ దివాలా తీసింది. ఆ గాలి ఇక్కడిదాకా వచ్చింది. 2009 డిసెంబరు 9న తెలంగాణ ప్రకటన, అదే నెల 23న వెనుకకు పోవడం, ఉద్యమం, బందులు. కొనేవాడు లేడు. ఆ మాస్టరు వడ్డీ కట్టలేక 2010లో ప్లాటును నష్టానికి అమ్ముకున్నాడు. అది చూసి మేము చాలా తెలివి గలవాళ్లమని మమ్మల్ని మేమే మెచ్చుకున్నాము.

2011లో సకల జనుల సమ్మె వచ్చింది. సెప్టెంబరు 13 నుంచి 42 రోజులు. మా టీచర్లమంతా అందులో ఉన్నాము. సమ్మె ముగిసినాక ఒక పెద్దాయన తన ఇంటిని అమ్ముతానని కబురు పెట్టాడు. 120 గజాలు, రెండు గదులు, వంటిల్లు, ముందు కొంచెం వాకిలి, ఒక జామచెట్టు. రెండేళ్ల కింద 11 లక్షలు అడిగిన మనిషి ఆనాడు 9 లక్షలకు దిగినాడు. మా దగ్గర, మా తమ్ముని దగ్గర కలిపి ఆ సొమ్ము సమకూరేదే. మా అమ్మీ వెళ్లి చూసి వచ్చింది. జామచెట్టు కింద మంచం వేసుకోవచ్చునన్నది. మేము మాత్రం ఇంకా దిగుతుంది, 8కి రానీ అన్నాము. ఆరు నెలలు ఆగినాము. ఆయన 8కి రాలేదు. అమ్మడమే మానుకున్నాడు. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చినాక అదే ఇంటిని 16 లక్షలకు ఇచ్చినాడు.

డబ్బు నష్టం అంతే. కాని 2013లో మా అమ్మీ పోయింది. పై అంతస్తు, ఇరుకు మెట్లు. కింద ఇంటివాళ్లు మంచివాళ్లే, తమ వాకిట్లో గుసుల్‌కు చోటిచ్చారు. వాళ్లకు మేము ఎప్పటికీ రుణపడి ఉంటాము. అయినా ఆ మెట్ల మీదుగా అమ్మీని దించుతున్నప్పుడు మాకు ఆ జామచెట్టు యాదికొచ్చింది. లక్ష రూపాయల లెక్క చూసినాము గాని అమ్మీకి మిగిలిన ఏళ్ల లెక్క మేము చూడలేదు. లెక్కల మాస్టరుము అయ్యుండి ఒక అంకె వదిలేసి కూడిక చేసినాము.

ఇది విని "అయితే ఆగకుండా కొనేయాలన్న మాట" అనుకోకండి. అప్పు చేసి కొని అమ్ముకున్న మాస్టరును మరువకండి. ఆయన తొందరపడి చెడినాడు, మేము ఆగి చెడినాము. ఇద్దరి తప్పూ ఒక్కటే. ఇద్దరమూ బజారును చూసినాము, మా ఇంటిని చూసుకోలేదు.

ఇక బజారు సంగతి. ఎనుమాముల మార్కెట్టుకు మిర్చి తీసుకపోయే రైతుకు పొద్దున జెండా పాటతో ఆనాటి పై ధర తెలిసిపోతుంది. పదిమంది ఎదుట పాడిన ధర అది. ఇంటికి, జాగకు అట్లా జెండా పాట లేదు. ధర దిగిందని ఒక దలాలీ చెబుతాడు, లేదు పెరిగిందని ఇంకొకడు చెబుతాడు. రిజిస్ట్రేషన్ ఆఫీసు విలువ వేరు, చేతులు మారే సొమ్ము వేరు. పైగా మిర్చిని ఎన్నాళ్లో దాచలేము గనుక రైతు తగ్గించి అయినా అమ్ముతాడు. ఇంటి యజమాని అట్లా కాదు. ధర రాకపోతే బోర్డు పీకేసి ఇంట్లో కూర్చుంటాడు. కాబట్టి బజారు పడిపోయినప్పుడు మొదట తగ్గేది ధర కాదు, బేరాలు. ధర దిగేది ఆ తరువాత, అదీ డబ్బు అవసరం మీద పడిన వాని దగ్గరనే.

అడుగు ఎక్కడ ఉన్నదో ముందుగా ఎవరికీ కనబడదు. అమెరికాలో ఇళ్ల ధరలు 2006లో శిఖరానికి చేరి దిగడం మొదలుపెట్టి 2012 మొదటిదాకా దిగుతూనే ఉన్నయి. 2008లో "ఇంకేం దిగుతుంది" అని కొన్నవారు ఇంకా మూడు నాలుగేళ్లు దిగడం చూసినారు. జపానులో 1991 తరువాత జాగల ధరలు పదేళ్లకు పైగా దిగినయి. మన దగ్గర 2009, 2011 మధ్య చల్లబడిన బజారు రాష్ట్రం రాగానే లేచి కూర్చున్నది. 2016 నవంబరు 8న 500, 1000 నోట్లు రద్దు చేసినప్పుడు చలామణిలో ఉన్న సొమ్ములో విలువ ప్రకారం 86 శాతం ఒక్క రాత్రిలో చెల్లకుండా పోయింది. నగదు మీద నడిచే జాగల బేరాలు ఆగిపోయినయి. 2020 సెప్టెంబరులో మన రాష్ట్రంలో రిజిస్ట్రేషన్లే ఆగిపోయి, ఇళ్లకు, ప్లాట్లకు మళ్ళీ డిసెంబరులో మొదలైనయి. ఒక్కోసారి ఒక్కో కారణం, ఒక్కోసారి ఒక్కో కాలం. ఒకదానిని చూసి ఇంకొకదానిని చెప్పగలిగే మొనగాడు ఉంటే ఆయన మనకు ఉచితంగా సలహా ఎందుకు ఇస్తాడు?

ఇక కాగితం మీద ఒక లెక్క వేద్దాము. ఇల్లు 30 లక్షలనుకోండి. అటువంటి ఇంటికి నెలకు కిరాయి 8,000 అనుకోండి. ఏడాదికి 96,000. అంటే ఇంటి ధరలో మూడు శాతం కన్నా కొంచెం ఎక్కువ. ఒక ఏడాది ఆగితే ఇంటి ధర లక్ష దిగినా మన కిరాయి తిరిగి వచ్చినట్టే, అంతకన్నా ఎక్కువ దిగితే లాభమే. కాబట్టి ఆగడం పాపం కాదు. కిరాయి కట్టడం డబ్బు నీళ్ల పాలు చేయడమని కొందరంటారు, అది నిజం కాదు.

కాని అసలు బరువు ధరలో లేదు, అప్పులో ఉన్నది. ఆ ఇంటికి 20 లక్షలు బ్యాంకు అప్పు, 9 శాతం వడ్డీ, 20 ఏళ్లు అనుకోండి. నెల కిస్తీ సుమారు 18,000 అవుతుంది. మొత్తం కట్టేది 43 లక్షల పైన. అదే అప్పు 15 ఏళ్లలో తీర్చితే కిస్తీ సుమారు 20,300. మొత్తం 36 లక్షల 50 వేలు. తేడా 6 లక్షల 67 వేల దాకా వస్తుంది. ఇంటి ధర నూటికి పది దిగినా మిగిలేది 3 లక్షలే. మూడు లక్షల కోసం రెండేళ్లు దలాలీల వెంట తిరుగుతాము, ఆరున్నర లక్షల సంగతి బ్యాంకు గుమాస్తా ముందు కూర్చొని పది నిమిషాల్లో తేల్చేస్తాము. ఎంత తక్కువ అప్పు, ఎంత తొందరగా తీర్చగలము అన్నది మన చేతిలో ఉన్నది. ధర మన చేతిలో లేదు.

వడ్డీ మాట వచ్చింది గనుక మనలో ఎంతో మంది మనసులో ఉన్నది కూడా చెప్పాలి. వడ్డీకి దూరంగా ఉండాలని తలచేవారున్నారు. దాని ధర్మం చెప్పవలసింది ఆలిములు, మేము కాదు. లెక్క వరకు మాత్రం ఒక మాట చెప్పగలము. బజారు వేడిగా ఉన్నప్పుడు "కిస్తీల్లో ఇస్తాను" అంటే అమ్మేవాడు నవ్వి పొమ్మంటాడు. బజారు చల్లగా ఉన్నప్పుడు అదే మనిషి కూర్చోబెట్టి చాయ్ పోసి వింటాడు. మూడు భాగాలుగా, ఏడాదిలో, వడ్డీ లేకుండా తీసుకునేందుకు ఒప్పుకునేవాడు అప్పుడే దొరుకుతాడు. ధర తగ్గించమని పట్టుబట్టే ముందు గడువు అడగండి. కొందరికి గడువే పెద్ద తగ్గింపు.

ఇప్పుడు మేము చెప్పదలచిన అసలు ముక్క. దిగిన బజారు మనకిచ్చే పెద్ద లాభం తక్కువ ధర కాదు, ఫుర్సత్. 2007లో బయానా ఇచ్చేందుకు రెండు రోజులు కూడా ఇవ్వని బజారు, చల్లబడినాక మనకు ఆరు నెలలు ఇస్తుంది. ఆ ఆరు నెలలు ధర ఇంకా దిగుతుందా అని ఆకాశం చూస్తూ గడపకుండా, కాగితాలు చూస్తూ గడిపినవాడే గెలిచినవాడు.

ఈ మాట మాకు 2017లో తెలిసి వచ్చింది. నోట్ల రద్దు తరువాత ఇద్దరు అన్నదమ్ములు తమ తండ్రి ఇంటిని అమ్ముతామని వచ్చారు. ఇంకొక గిరాకీ లేడు. పాత దస్తావేజు చూపమన్నాము. నిజాం కాలం నాటి కాగితం, ఉర్దూలో, అదీ గొలుసుకట్టు రాతలో. ఆ అన్నదమ్ములకే అది చదవడం రాదు. మేము మా ఉస్తాదును వెంట పెట్టుకొని రెండు సాయంత్రాలు కూర్చొని చదివినాము. హద్దులు సరిపోయినయి. తరువాత ఒకటే ప్రశ్న వేసినాము: "మీ నాన్నగారికి ఆడపిల్లలు ఎందరు?" ముగ్గురట. ఒక చెల్లె నిజామాబాదులో, ఒక అక్క బొంబాయిలో, ఇంకొక అక్క తండ్రి తరువాత చనిపోయి ఆమె పిల్లలు ఉన్నారు. "వాళ్లేం అడగరు మాస్టర్ సాబ్, పెళ్లిళ్లు అయినయి గద" అన్నారు.

అడగకపోవచ్చు. కాని మన షరియత్ ప్రకారం తండ్రి కన్ను మూసిన నాడే కూతుళ్లకూ వాటా పుడుతుంది. కొడుకులు మాత్రమే సంతకం పెడితే వాళ్ల వాటా వరకే అమ్మినట్టు. రేపు ఆ అక్క పిల్లలు వచ్చి మా అమ్మ వాటా ఏదీ అంటే కోర్టుకు పోవలసింది మేమే. పైగా ఆడబిడ్డ హక్కు తిని కట్టుకున్న ఇంట్లో నమాజు చదవడానికి మనసు ఎట్లా ఒప్పుతుంది? అందరూ వచ్చి సంతకం పెడితేనే కొంటామన్నాము. నాలుగు నెలలు పట్టింది. వేడి బజారైతే ఆ అన్నదమ్ములు ఇంకొకరికి అమ్మేసేవారు. చల్లబడిన బజారు గనుక ఆగినారు. అక్కచెల్లెళ్లకు వాటా సొమ్ము ముట్టింది, మాకు మచ్చ లేని ఇల్లు దొరికింది. మా ఇంటామె తన నగల్లో కొన్ని ఇచ్చింది గనుక దస్తావేజు ఇద్దరి పేర్ల మీద చేయించినాము. ధర మేము అనుకున్నదాని కన్నా కొంచెం ఎక్కువే పెట్టినాము. దానికి ఈనాటిదాకా చింత లేదు.

కాగితాల్లో చూడవలసినవి ఇంకొన్ని మనవి చేస్తాము. ధరలు దిగినప్పుడు లోపమున్న జాగలే ముందు చౌకగా బయటికి వస్తాయని మరువవద్దు.

ఒకటి, వెనుకటి లింకు దస్తావేజులన్నీ, 30 ఏళ్ల ఈసీ తీసి చూడండి. సాదాబైనామా మీద, ఒట్టి జీపీఏ మీద కొనవద్దు. జీపీఏ కాగితంతో యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చి చెప్పింది.

రెండు, ప్లాటు అయితే లేఅవుటుకు కుడా మంజూరు ఉన్నదా చూడండి. మంజూరు లేని ప్లాట్లకు రిజిస్ట్రేషన్ ఆపుతూ 2020 ఆగస్టులో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చినప్పుడు, చౌకగా వచ్చిందని అటువంటి ప్లాటు కొన్న ఎందరో కాగితాలు పట్టుకొని తిరిగినారు.

మూడు, నిషేధిత ఆస్తుల 22-ఎ జాబితాలో ఆ సర్వే నంబరు ఉన్నదా చూడండి. వక్ఫ్ జాగలు అందులో ఉంటాయి. వక్ఫ్ జాగను మనమే తెలిసి తెలిసి కొంటే ఇక కాపాడేవారెవరు?

నాలుగు, వానాకాలంలో ఒకసారి వెళ్లి నిలబడి చూడండి. మన ఊరు కాకతీయుల చెరువుల ఊరు. 2020 ఆగస్టులో, మళ్ళీ 2023 జూలైలో నీళ్లు తమ పాత దారి వెతుక్కుంటూ కాలనీల్లోకి వచ్చినయి. 2023లో భద్రకాళి చెరువు కట్టకే గండి పడింది. నాలా పక్కన, చెరువు శిఖంలో చౌకగా వచ్చే ఇల్లు చౌక కాదు.

ఐదు, సొమ్ము బ్యాంకు ద్వారానే ఇవ్వండి. జాగల బేరంలో 20,000 రూపాయలు, అంతకు మించి నగదుగా తీసుకోవడాన్ని 2015 జూన్ నుంచి ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది. రేపు బేరం చెడితే చేతికిచ్చిన నోట్లకు సాక్ష్యం ఉండదు.

ఇక ఇంటికి పోయి భార్యాభర్తలు, వీలైతే పెద్దవాళ్లు, పిల్లలు కలిసి కూర్చొని మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ ఇంట్లో కనీసం ఏడెనిమిదేళ్లు ఉంటామా? ఎందుకంటే 2021 జూలైలో ప్రభుత్వం రిజిస్ట్రేషన్ ఖర్చులను 6 నుంచి 7.5 శాతానికి పెంచింది. ఆ లెక్కన 30 లక్షల మీద 2 లక్షల 25 వేలు. కొని రెండేళ్లలో అమ్మేవారికి ఆ సొమ్ము పోయినట్టే. రెండవది, కొన్న తరువాత ఆరు నెలల ఇంటి ఖర్చు చేతిలో మిగులుతుందా? అమ్మాయి పెళ్లికి, అబ్బాయి ఫీజుకు దాచినది ముట్టుకోకుండా మిగలాలి. మూడవది, కాగితాలు మచ్చ లేకుండా ఉన్నయా? మూడింటికీ అవునని జవాబు వస్తే బజారు పైన ఉన్నా కింద ఉన్నా కొనండి. రేపు ఇంకో లక్ష దిగినా బాధపడకండి, మీరు అమ్మడానికి కొనలేదు. ఒక్కదానికి కాదని వచ్చినా, ధర సగమైనా కొనవద్దు. కిరాయి ఇంట్లో గౌరవంగా ఉండటంలో సిగ్గు లేదు.

మూడింటికీ అవునని వచ్చి, ఇంట్లో ముసలి తల్లో తండ్రో ఉండి, మీరు ఇంకో లక్ష కోసం ఆగుతున్నట్లయితే మాత్రం మా మెట్లను ఒకసారి తలచుకోండి.

చివరిగా ఒక విన్నపం. మన పాత ఇళ్ల దస్తావేజులు ఎన్నో ఉర్దూలో ఉన్నయి, చదవగలిగేవారు తగ్గిపోతున్నారు. ప్రతి ఆదివారం జొహర్ తరువాత మేమూ, ఇద్దరు రిటైరైన ఉస్తాదులూ సంఘం ఆఫీసులో కూర్చుంటాము. కొనేవారు గాని అమ్మేవారు గాని కాగితం తెచ్చి చూపితే చదివి అర్థం చెబుతాము. ఫీజు లేదు. వకీలు అవసరమైన చోట వకీలు దగ్గరకే పొమ్మంటాము. వచ్చేటప్పుడు ఒకటి మాత్రం రాసుకొని రండి: అమ్మేవారి ఇంట్లో ఆడబిడ్డలు ఎందరు, వారి పేర్లేమిటి.

 అల్లా మనలో ఇల్లు లేని ప్రతి కుటుంబానికి హక్కుగల నీడను ప్రసాదించుగాక.